నలభై రాళ్ల దీక్ష – సాధు సుందర్‌సింగ్

ఉపవాసం అనే పదానికి సమీపంలో నివసించడం అని వ్యుత్పత్త్యర్థం. ఆహారాన్ని విడిచిపెట్టడం దాని బాహ్యరూపం. భగవంతునికి చేరువగా మనస్సును నిలపడం దాని అంతరార్థం. ఏకాదశినాడు ఉపవసించే హిందువులూ, రంజాన్ మాసంలో రోజా పాటించే ముస్లింలూ ఈ సాధనను తమ తమ పద్ధతులలో ఆచరిస్తున్నారు. క్రైస్తవులు ఈస్టరు పండుగకు ముందు వచ్చే నలభై దినాలను ఉపవాస ప్రార్థనలకు కేటాయిస్తారు. భస్మ బుధవారంతో ఆరంభమయ్యే ఈ కాలాన్ని తెలుగు క్రైస్తవులు శ్రమల దినాలనీ, తపస్సు కాలమనీ వ్యవహరిస్తారు. యేసుక్రీస్తు తన బోధ ప్రారంభించడానికి ముందు అరణ్యంలో నలభై పగళ్లు, నలభై రాత్రులు నిరాహారంగా గడిపాడనే సువార్త కథనం ఈ ఆచారానికి ఆధారం.

ఆ నలభై దినాల ఉపవాసాన్ని తానూ యథాతథంగా ఆచరించాలనే సంకల్పంతో 1913లో ఒక భారతీయ యువకుడు హిమాలయ పాదసీమలోని అడవిలో ప్రవేశించాడు. ఆయన వయస్సు అప్పటికి ఇరవై మూడు సంవత్సరాలు. ఆ దీక్ష ఆయనను మృత్యుద్వారం వరకు తీసుకొనిపోయింది. అక్కడినుండి తిరిగివచ్చిన నాటి నుండి ఆయన జీవితం కొత్త గాంభీర్యాన్ని సంతరించుకొంది. ఆ యువకుడే సాధు సుందర్‌సింగ్.

సుందర్‌సింగ్ 1889 సెప్టెంబరు 3న పంజాబులోని రాంపూర్ గ్రామంలో జన్మించాడు. ఆ గ్రామం ఆనాడు పాటియాలా సంస్థానంలో ఉండేది. తండ్రి షేర్‌సింగ్ సంపన్నుడైన సిక్కు భూస్వామి. తల్లి పరమ భక్తురాలు. ఆమె వేకువనే లేచి, స్నానం చేసి, భగవద్గీతను పారాయణం చేసేది. గురుద్వారాన్ని ఎంత భక్తితో దర్శించేదో, హిందూ సాధువులను అంత భక్తితోనూ సేవించేది. చిన్నకుమారుణ్ణి వెంటబెట్టుకొనిపోయి సాధువుల పాదాల చెంత కూర్చోబెట్టేది. ఏడేళ్లు నిండేసరికి ఆ బాలుడు గీతను కంఠస్థం చేశాడు.

ఆ తల్లి ఇంట్లో ఒక నియమం పెట్టింది. ఉదయం లేవగానే మొదట దైవప్రార్థన చేయాలి, ఆ తరువాతే ఫలహారం ముట్టాలి. ఆకలికి తాళలేక బాలుడు ఒక్కొక్కప్పుడు మారాం చేసేవాడు. ఆమె ఒకనాడు బుజ్జగించి, మరొకనాడు దండించి ఆ అలవాటును అతని మనస్సులో పాదుకొల్పింది. శరీరానికి ఆహారం ఎంత అవసరమో ఆత్మకూ అంత అవసరమనే పాఠాన్ని సుందర్‌సింగ్ మొదట నేర్చుకొన్నది తల్లి వద్దనే. తన కుమారుడు లౌకిక సుఖాలకు లోబడక సాధువు కావాలని ఆమె కోరుకొనేది.

సుందర్‌కు పద్నాలుగేళ్ల ప్రాయంలో తల్లి మరణించింది. కొద్దికాలానికే అన్న కూడా కన్నుమూశాడు. ఆ దుఃఖం బాలుణ్ణి క్రుంగదీసింది. గీత, గురుగ్రంథ సాహిబ్, ఖురాన్ చదివాడు. యోగాభ్యాసం చేశాడు. మనశ్శాంతి మాత్రం లభించలేదు. గ్రామంలోని మిషను పాఠశాలలో బైబిలు పాఠం తప్పనిసరి. పరాయి మతగ్రంథాన్ని బలవంతంగా చదివిస్తున్నారనే కోపం అతనిలో నానాటికీ పెరిగింది. తోటి బాలురతో కలిసి క్రైస్తవ బోధకులపై రాళ్లు రువ్వాడు. 1904 డిసెంబరులో సువార్త ప్రతిని తండ్రి చూస్తుండగానే అగ్నికి ఆహుతి చేశాడు. తండ్రి క్రైస్తవుడు కాకపోయినా ఆ పనికి నొచ్చుకొని కుమారుణ్ణి మందలించాడు.

గ్రంథాన్ని కాల్చినంత మాత్రాన మనస్సులోని మంట చల్లారలేదు. మూడు దినాలు గడిచేసరికి అతని వేదన భరించరానిదైంది. డిసెంబరు 18 తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, గడ్డకట్టే చలిలో చన్నీటి స్నానం చేసి ప్రార్థనకు కూర్చున్నాడు. దేవుడనేవాడు ఉంటే తనకు మార్గం చూపాలి. లేనిపక్షంలో తెల్లవారుజామున ఐదు గంటలకు గ్రామం పక్కగా పోయే లూథియానా రైలు కింద తల పెట్టి ప్రాణత్యాగం చేయాలని అతని నిశ్చయం. ఆ ప్రార్థనలో గది అంతా వెలుగుతో నిండిందనీ, ఆ వెలుగులో క్రీస్తు ప్రత్యక్షమయ్యాడనీ, అప్పుడు తన హృదయంలోకి ప్రవేశించిన శాంతి మరెన్నడూ తనను విడిచిపోలేదనీ ఆయన జీవితాంతం చెప్పేవాడు.

తెల్లవారగానే తాను క్రీస్తు భక్తుడనయ్యానని సుందర్ తండ్రికి తెలియజేశాడు. మూడు దినాల క్రితం బైబిలును కాల్చిన బాలుడు ఇలా మాట్లాడడం ఇంటిల్లిపాదినీ దిగ్భ్రాంతికి గురిచేసింది. బుజ్జగింపులు, ప్రలోభాలు, బెదిరింపులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అతడు సిక్కు మతచిహ్నమైన కేశాలను కత్తిరించుకోవడంతో కుటుంబం వెలివేసింది. ఇంటినుండి వెడలిపోయేటప్పుడు పెట్టిన అన్నంలో విషం కలిసిందనీ, రోపార్ చేరేసరికి ప్రాణాపాయ స్థితి ఏర్పడిందనీ, అక్కడి క్రైస్తవుల సేవవల్ల బ్రతికాననీ ఆయన తరువాతి కాలంలో వివరించాడు. 1905 సెప్టెంబరు 3న, తన పదహారవ జన్మదినాన, సిమ్లాలో బాప్తిస్మం పొందాడు. మరుసటి నెలలోనే కాషాయవస్త్రాలు ధరించి సాధుజీవితం స్వీకరించాడు.

క్రైస్తవ బోధకుడు కాషాయం ధరించడం ఆ కాలంలో వింతగా తోచిన విషయం. అప్పటి బోధకులలో చాలామంది పాశ్చాత్య వేషభాషలను అనుసరించేవారు. సుందర్‌సింగ్ మార్గం వేరు. జీవజలాన్ని భారతీయులకు భారతీయ పాత్రలోనే అందించాలని ఆయన అభిప్రాయం. ఒంటిపై కాషాయం, తలపాగా, భుజాన ఒక కంబళి, చేతిలో ఉర్దూ కొత్త నిబంధన, ఇవే ఆయన ఆస్తి. పాదరక్షలు లేకుండా కొండదారులలో నడిచి పాదాలు రక్తసిక్తమైనందున రక్తసిక్త పాదాల అపొస్తలుడనే పేరు వచ్చింది. తల్లి కోరిన సాధుత్వం ఆమె ఊహించని రూపంలో కుమారునికి సిద్ధించింది.

ఆ తొలి సంవత్సరాలలో ఆయనకు శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ యువకునితో స్నేహం కుదిరింది. తరువాతి కాలంలో సత్యానంద స్టోక్స్ పేరుతో స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నవాడు, సిమ్లా కొండలలో యాపిల్ తోటల పెంపకాన్ని వ్యాప్తి చేసినవాడు ఈయనే. ఇరువురూ కలిసి కొండగ్రామాలలో సంచరించారు. సిమ్లా సమీపంలోని సుబాతు కుష్ఠురోగుల ఆశ్రమంలో సేవచేశారు. ఇటలీ దేశపు మహాభక్తుడైన అస్సిసీ ఫ్రాన్సిస్ కథను స్టోక్స్ ద్వారా సుందర్‌సింగ్ విన్నాడు. సంపదను త్యజించి, బీదరికాన్ని ఆభరణంగా ధరించి, కొండలలో నలభై దినాల ఉపవాస ప్రార్థనలు చేసిన ఫ్రాన్సిస్ ఆయన మనస్సుకు హత్తుకుపోయాడు.

1908లో ఆయన మొదటిసారి టిబెట్ సరిహద్దులు దాటాడు. 1909 చివరలో లాహోరులోని దైవశాస్త్ర కళాశాలలో చేరాడు. ఆ చదువు ఆయనకు ఎక్కువకాలం రుచించలేదు. గురువుగా నియమితుడైతే ఒక సంఘానికి, ఒక ప్రాంతానికి పరిమితుడు కావలసివస్తుందని తెలిసి, అంతకుముందు పొందిన బోధనాధికార పత్రాన్ని బిషప్ లెఫ్రాయ్ అంగీకారంతో తిరిగి ఇచ్చివేశాడు. నాటినుండి అన్ని శాఖల క్రైస్తవులకూ, క్రైస్తవేతరులకూ ఆయన సమానంగా చెందినవాడయ్యాడు.

వెలుపలినుండి చూచినవారికి ఆయన జీవితంలో లోటేమీ కనిపించేది కాదు. ఆయన అంతరంగం మాత్రం కొన్ని శోధనలతో సతమతమవుతూ ఉండేది. దీర్ఘప్రసంగం ముగించి అలసిపోయి ఉన్న సమయంలో జనం చుట్టుముట్టి ప్రశ్నలు వేస్తే విసుగు కలిగేది. ఆ విసుగు తన బోధకు తగినది కాదని ఆయనకు తెలుసు. ఇక రెండవ శోధన, ఈ కష్టజీవితం మాని, తండ్రి ఇంటికి మరలిపోయి, వివాహం చేసుకొని, సుఖంగా ఉంటూనే మంచి క్రైస్తవుడుగా జీవించవచ్చుకదా అనే ఆలోచన. అన్నిటికంటే లోతైనది మూడవది. తాను అనుభవిస్తున్న ఈ శాంతి నిజంగా దైవదత్తమేనా, లేక తన యౌవనంలోని ప్రాణశక్తినుండి, తన మనస్సునుండి పుట్టినదా అనే సందేహం అప్పుడప్పుడు తలయెత్తేది. ఏ శాంతికోసం ఇల్లు, ఆస్తి, బంధువులను విడిచాడో ఆ శాంతియే భ్రమ అయితే ఆ త్యాగమంతా వ్యర్థమే. ఈ సంశయాన్ని తీర్చుకోవాలనే తపన, గురువైన క్రీస్తును అనుసరించాలనే ఆకాంక్ష కలిసి ఆయనను ఉపవాస దీక్షకు పురికొల్పాయి.

1913 సంవత్సరారంభంలో సుందర్‌సింగ్ హరిద్వార్, డెహ్రాడూన్‌ల మధ్యనున్న అరణ్యంలో ఏకాంతమైన తావును ఎన్నుకొన్నాడు. మిత్రులు వారించినా ఆయన సంకల్పం చలించలేదు. దినాలు లెక్కించడానికి నలభై రాళ్లు ఏరి పక్కన కుప్పగా పోసుకొన్నాడు. దినానికొక రాయిని తీసి అవతల వేయాలని నియమం. అలా ప్రార్థనలోను, ధ్యానంలోను దీక్ష ఆరంభమైంది.

మొదటి దినాలలో ఆకలిమంట ఉదరాన్ని దహించింది. కొంతకాలానికి ఆ బాధ తగ్గి నీరసం ఆవరించింది. దృష్టి మందగించింది, వినికిడి సన్నగిల్లింది. చివరకు రాయిని ఎత్తి అవతల వేసే శక్తి కూడా చేతులకు లేకపోయింది. లెక్క అక్కడితో ఆగిపోయింది. ఆ దశలో తాను ఆత్మనేత్రాలతో క్రీస్తును గాయపడిన చేతులతో, పాదాలతో దర్శించానని ఆయన తరువాత మిత్రులకు చెప్పాడు. శరీరం శిథిలమవుతున్నకొద్దీ మనస్సు నిర్మలం కావడం, హృదయంలోని శాంతి తరగకపోగా మరింత పెరగడం ఆయన గమనించాడు. ఆయన సందేహానికి అదే సమాధానమైంది. ఆ శాంతి దేహబలం నుండి పుట్టినదైతే దేహంతోపాటే క్షీణించాలి. దేహం నశించే స్థితికి చేరినా అది వృద్ధి పొందింది కనుక, దాని మూలం తన శరీరంలోను, తన మేధస్సులోను లేదనీ, అది పైనుండి అనుగ్రహింపబడినదనీ ఆయన నిర్ణయించుకొన్నాడు.

అడవిలో వెదురు కొట్టుకొనేవారు స్పృహలేని స్థితిలో ఉన్న ఆయనను చూచి జాలిపడి మోసుకొనిపోయారు. అక్కడినుండి ఆయనను డెహ్రాడూన్‌కూ, తరువాత సమీపంలోని ఆన్‌ఫీల్డ్ అనే క్రైస్తవ గ్రామానికీ చేర్చారు. అక్కడివారు శ్రద్ధతో ఉపచర్యలు చేయగా క్రమంగా కోలుకొన్నాడు. ఈలోగా ఆయన మరణించాడని మిత్రులకు తంతివార్తలు అందాయి. పత్రికలలో సంతాపవార్తలు వెలువడ్డాయి. ఎందరో ఆయన కోసం విలపిస్తున్న సమయంలో ఆయన ఆన్‌ఫీల్డ్‌లో తిరిగి బలం పుంజుకొంటున్నాడు.

ఆ ఉపవాసం ఎన్ని దినాలు సాగిందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. రాళ్ల లెక్క తప్పిన తరువాత ఆయనకూ తెలియదు. నలభై దినాలు పూర్తికాలేదనీ, అందులో సగమైనా గడిచి ఉండకపోవచ్చుననీ 1920 దశకంలో విమర్శకులు వాదించారు. తలపెట్టిన సంఖ్య దృష్ట్యా చూస్తే అది అసంపూర్ణ వ్రతమే. దాని విలువను నిర్ణయించవలసినది మాత్రం తరువాతి జీవితం. అలసట వేళల్లో జనంపై కలిగే విసుగు ఆనాటినుండి చాలావరకు తగ్గిపోయింది. ఇంటికి మరలిపోయి సుఖించాలనే తలంపు ఆయనను మళ్లీ పీడించలేదు. గృహస్థజీవితం ఇతరులకు పాపం కాదనీ, తనకు వచ్చిన పిలుపు వేరనీ స్పష్టత ఏర్పడింది. శాంతి మూలాన్ని గురించిన సంశయం శాశ్వతంగా తొలగిపోయింది.

మరొక విశేషం గమనింపదగినది. ఇంత తీవ్రమైన దీక్ష చేసినవాడు దేహదండనను పుణ్యకార్యంగా బోధించలేదు. కష్టాలను కోరి తెచ్చుకొంటే పుణ్యం వస్తుందని ఆయన నమ్మలేదు. ఎవరైనా ఆదరించి భోజనం పెడితే సంతోషంగా భుజించేవాడు. లేనినాడు పస్తు ఉండేవాడు. రెండింటినీ ఒకే చిత్తంతో స్వీకరించేవాడు. ఆశ్రమం స్థాపించలేదు, శిష్యులను చేర్చుకోలేదు. ఉపవాసం ఆయన ఒకసారి దాటివచ్చిన ద్వారం. ప్రార్థన మాత్రం ఆయన నిత్యనివాసం. ప్రతి ఉదయం కొత్త నిబంధనలో ఒక అధ్యాయం చదివి, దానిని మననం చేసి, దీర్ఘసమయం ధ్యానంలో గడిపిన తరువాతే దైనందిన కార్యాలకు పూనుకొనేవాడు. తల్లి పెట్టిన నియమం రూపం మార్చుకొని అలా కొనసాగింది.

ప్రార్థన అంటే కోరికలను ఏకరువు పెట్టడం కాదనీ, దేవుణ్ణే కోరుకోవడమనీ ఆయన బోధించాడు. చెరువు గట్టున కదలకుండా నిలిచే కొంగను ఆయన ఒక రచనలో ఉదాహరణగా చూపాడు. చూచేవారికి అది ధ్యానంలో మునిగినట్లే ఉంటుంది. చేప కనబడగానే దాని ధ్యానం సంగతి బయటపడుతుంది. తెలుగువారి కొంగజపం అనే నానుడి భావం కూడా ఇదే. భోజనం మాని మనస్సును లాభాలమీద నిలిపితే అది ఉపవాసమనిపించుకోదనే వివేకం ఈ ఉదాహరణలో ఇమిడి ఉంది.

ఉపవాసానంతర జీవితంలో ఆయన సంచారం విస్తరించింది. వేసవిలో టిబెట్ ప్రాంతాలకు, శీతకాలంలో మైదానాలకు వెళ్లేవాడు. మంచుతుఫానులో జరిగిన ఒక సంఘటనను ఆయన ప్రసంగాలలో తరచు వివరించేవాడు. ఒక టిబెటన్ బాటసారితో కలిసి కొండదారిన పోతుండగా, లోయలో పడిపోయి కొనప్రాణంతో ఉన్న మనిషి కనిపించాడు. తన ప్రాణం దక్కితే చాలునని తోడి బాటసారి ముందుకు సాగిపోయాడు. సుందర్‌సింగ్ దిగి, ఆ మనిషిని వీపున మోసుకొని నడిచాడు. ఆ శ్రమవల్ల పుట్టిన వేడిమి ఇరువురినీ బ్రతికించింది. కొంతదూరం పోయాక, ముందు వెళ్లిన బాటసారి చలికి కొయ్యబారి మరణించి ఉండడం చూచారు. ఇతరులకోసం ప్రాణాన్ని ఒడ్డినవాడే దానిని దక్కించుకొంటాడనే సువార్త సత్యానికి ఆయన ఈ ఉదంతాన్ని నిదర్శనంగా చూపేవాడు.

1918లో ఆయన దక్షిణ భారతంలో పర్యటించాడు. మద్రాసులోను, తిరువాన్కూరు సిరియన్ క్రైస్తవుల మహాసభలలోను వేలాదిమంది ఆయన ప్రసంగాలు ఆలకించారు. తరువాత సింహళం, బర్మా, మలయా, చైనా, జపాను దేశాలు సందర్శించాడు. ఈ కాలంలోనే తండ్రి షేర్‌సింగ్ కూడా క్రైస్తవం స్వీకరించాడు. ఒకనాడు వెలివేసిన ఆ తండ్రియే 1920లో కుమారుని ఇంగ్లండు యాత్రకు ధనసహాయం చేశాడు. సుందర్‌సింగ్ ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాలలోను, 1922లో పాలస్తీనా, స్విట్జర్లాండు, జర్మనీ, స్వీడన్ మొదలైన దేశాలలోను ప్రసంగించాడు. ఐశ్వర్యంలో తేలియాడే పాశ్చాత్యులకు ప్రార్థనకు సమయం చిక్కకపోవడం ఆయనను బాధించింది. ఆ విషయాన్ని వారి ఎదుటే నిర్భయంగా చెప్పాడు.

కీర్తితోపాటు విమర్శా వచ్చింది. టిబెట్ అనుభవాలుగా ఆయన చెప్పిన కొన్ని సంఘటనలకు ఆధారాలు లేవని ఐరోపాలో కొందరు పండితులు ఆక్షేపించారు. జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ హైలర్ వంటివారు ఆయనను సమర్థించారు. ఆ వాదప్రతివాదాలు చాలాకాలం సాగాయి. అప్పటికే హృద్రోగం, నేత్రవ్యాధి ఆయనను బాధిస్తున్నాయి. సుబాతులోని తన ఇంట్లో ఆయన ప్రార్థనలోను, గ్రంథరచనలోను కాలం గడిపాడు. ఆయన ఉర్దూలో ఆరంభించిన చిన్న గ్రంథాలు ఆంగ్లం ద్వారా పలుభాషలకు వ్యాపించాయి. తెలుగులోనూ అనువదింపబడ్డాయి.

1929 ఏప్రిల్‌లో, వైద్యుల సలహాలకంటె అంతరంగపు పిలుపుకే ప్రాధాన్యమిచ్చి, ఆయన మరొకమారు టిబెట్‌కు బయలుదేరాడు. ఆపై ఆయన జాడ ఎవరికీ తెలియలేదు. మిత్రులు గాలించినా ఫలితం లేకపోయింది. ఆయనకు నలభై ఏళ్లు నిండడానికి అప్పటికి కొన్ని నెలలు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఇంగ్లండు సంఘం ప్రతి సంవత్సరం జూన్ 19న ఆయనను స్మరిస్తుంది.

సుందర్‌సింగ్ పక్కన పోసుకొన్న నలభై రాళ్లలో ఎన్ని కుప్పలోనే మిగిలిపోయాయో చెప్పగలవారు లేరు. ఆ అడవినుండి ఆయన తెచ్చుకొన్నది అలసిన వేళ కూడా ఎదుటివానిని ప్రేమతో ఆదరించగల ఓర్పు, ఆకలి చెరపలేని శాంతి. దేవునికి సమీపంగా నివసించేవాడు మనుషులకు దూరం కాడనడానికి ఆయన జీవితమే సాక్ష్యం. ఉపవాసమనే పదానికి పెద్దలు చెప్పిన అర్థం ఆయనలో సార్థకమైంది.